పెట్రీషియా, నైజీరియా

అక్టోబర్ 29, మంగళవారం

ఛీ. దీనికోసమా తెల్లారగట్ల లోకల్ పట్టుకుని కలకత్తా పరుగెత్తింది!

తపన్ దా కోచ్ అట. కిళ్ళీ నములుతూ గోల్‌పోస్ట్ వెనక ఉమ్ముతాడు. మేము కూర్చుని కాళ్ళు సాగదీసేది అక్కడే. నేను మొదటి క్లబ్‌కి ఆడినప్పుడు పాకుతూ ఉండి ఉంటారు, అలాంటి పిల్లల మధ్య నన్ను పెట్టి గ్రౌండ్ చుట్టూ తిప్పాడు. చివర్లో అందరి ముందూ, "దోర్కా, నువ్వు పరుగెత్తుతుంటే మీ ఖరగ్‌పూర్ యార్డులో గూడ్స్ బండి షంటింగ్ అవుతున్నట్టుంది" అన్నాడు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. వాడి మాట కన్నా నా నవ్వే ఎక్కువ రోతగా ఉంది.

"ఎనిమిదో తారీఖున ఇంకోసారి రా, చూస్తాను" అన్నాడు. డిసెంబర్ మొదటి వారంలో లీగ్‌కి పేర్లు ఇవ్వాలి.

ఒక్క సీజన్ చాలు నాకు. ఆడవాళ్ళ లీగ్‌లో అడుగున ఉన్న క్లబ్ అయినా సరే. టీమ్ షీట్ మీద నా పేరు ఉండగా, నా కాళ్ళ మీద నేను నిలబడి, ఇంక చాలు అని నేనే మానాలి. పోయినేడు ఝార్ఖండ్‌లో అయినట్టు కాదు. అక్కడ సీజన్ మధ్యలో మేనేజరు ఫోన్ ఆపేసుకున్నాడు. వంటావిడ అన్నం పెట్టడం మానేశాక గానీ మాకు క్లబ్ మూతపడిందని తెలియలేదు. అలాంటి ముగింపు నాకొద్దు.

అమ్మ మాత్రం హిజ్లీ పాటే పాడుతోంది. అక్కడ అమ్మాయిల హాస్టల్లో మెస్ చూసుకునే పని బావ మాట్లాడిపెట్టాడు. డిసెంబర్లో చేరాలట. పప్పులో నీళ్ళెక్కువయ్యాయని కాలేజీ పిల్లలు కేకలేస్తే తలూపాలి.

అక్టోబర్ 30

మోకాలికి ఐసు. ఐసు కరిగి మంచం తడిసింది. అమ్మ తిట్టింది.

అక్టోబర్ 31

జ్ఞానప్రకాశం మావ వచ్చాడు. ఒకప్పుడు రైల్వే వర్క్‌షాప్ టీమ్‌కి ఆడేవాడు. ఇప్పుడు మా చర్చి సంఘంలో పెద్ద, ఆదివారాలు కానుకల సంచి పట్టేది ఆయనే. మిగతా రోజుల్లో ఖేప్ మ్యాచ్‌లకి మనుషుల్ని సప్లై చేస్తాడు.

కుర్చీలో కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు. సంతలో మేకని చూసే చూపు అది.

"బేల్దా అవతల ఒక ఊళ్ళో కాళీపూజ టోర్నమెంటు. ఆడోళ్ళ మ్యాచి పెడతన్నారు. విదేశీ ప్లేయరు గావాలంట ఆళ్ళకి" అన్నాడు.

"అయితే విదేశం ఎల్లి తెచ్చుకోమను."

"ఆఫ్రికా పిల్ల ఒకర్తి వొస్తానని ఎగ్గొట్టీసినాది. పోస్టర్లు కూడా ఏసీసినారు. పెట్రీషియా, నైజీరియా అని." టీ ఊదుకున్నాడు. "నువ్వు సరిపోతావు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా కంపరమెత్తింది.

"రంగు గురించి బెంగెట్టుకోకు. ఏటీ పుయ్యక్కర్నేదు, నీ రంగు సాలు. బుర్రకి సన్న జడలు ఏయిస్తాను" అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకుంటున్నాడు ఆ మహానుభావుడు.

"నోరు తెరిస్తే ఏటి మాటాడాల?"

"తెలుగే మాటాడు. ఆ ఊళ్ళో మనోళ్ళు ఒక్కరు నేరు. ఆఫ్రికా బాసే అనుకుంతారు. బెంగాలీ గానీ హిందీ గానీ ఒక్క ముక్క నోట్లోంచి రాకూడదు. అదొక్కటే రూలు."

వంటింట్లోంచి అమ్మ, "ఏటి తమ్ముడా, దేని గురించి?" అంది.

"ఏటీ నేదప్పా, ఆట గురించే" అన్నాడు.

లేచి వెళ్ళమన్నాను. రెండో టీ తాగి వెళ్ళాడు.

నవంబర్ 1

వెళ్ళను.

నవంబర్ 2, శనివారం

మ్యాచ్ ప్రాక్టీసు లేకుండా ఎనిమిదో తారీఖున తపన్ దా ముందు నిలబడితే మళ్ళీ గూడ్స్ బండే అవుతాను. ప్రాక్టీసు కోసం వెళ్తున్నాను, అంతే. ఖేప్ అంటే ఒక్క మ్యాచ్ కూలి. ఏ ఊరు పిలిస్తే ఆ ఊరి జెర్సీ, వాళ్ళు ఏ పేరు పెడితే ఆ పేరు. క్లబ్బుల వాళ్ళకి తెలియకుండా అందరం అలాగే ఆడతాం. ఒకచోట మాలతిగా ఆడాను, ఒకచోట రీనాగా. ఇదీ ఇంకో పేరు.

గోల్‌బజార్ పార్లర్లో జడలు వేయించాడు మావ. నల్ల ఊలు కలిపి అల్లింది ఆ పిల్ల. నెత్తి లాగేస్తోంది. "ఏటే ఈ అవతారం?" అంది అమ్మ. ఫ్యాషన్ అన్నాను.

నవంబర్ 3, ఆదివారం

స్నానం రెండుసార్లు చేశాను. ఊలు వాసన పోలేదు.

మావ మొదటి ఆరాధనలో కానుక పట్టి, ఆశీర్వాదం కూడా అవకుండా కారెక్కేశాడు. దారంతా స్తుతి కీర్తనలు పాడుతూనే ఉన్నాడు.

కోసిన వరిచేను. మొదళ్ళు బూట్లలోంచి కూడా అరికాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. దాన్ని గ్రౌండ్ అన్నారు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. మైకులో "నైజీరియా ఆడపులి" అని అరుస్తున్నారు. కమిటీ ప్రెసిడెంటు దండ వేసి, నా మణికట్టు పట్టుకుని బొటనవేలితో గట్టిగా రుద్దాడు. తర్వాత తన వేలు తిప్పి చూసుకున్నాడు, రంగు అంటిందేమోనని. థూ.

వాడి మొహంలోకి చూసి తియ్యగా నవ్వుతూ, "నీ సేతులిరిగిపోను, సచ్చినోడా" అన్నాను. "థాంక్యూ, థాంక్యూ" అని రెండు చేతులూ జోడించాడు.

నిజం రాయాలంటే మొదటి సగం నాకు సరదాగానే ఉంది. ఇన్నేళ్ళుగా రిఫరీలనీ సెక్రటరీలనీ తిట్టాలనుకుని మింగేసిన తిట్లన్నీ గొంతెత్తి తిట్టాను. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత గోల్ వెనకాల నుంచి మొదలైంది. కోతి కూతలు. ముందు పిల్లలు, తర్వాత వాళ్ళ అబ్బలు. అరటి తొక్క వచ్చి నా బూటు మీద పడింది. నల్లపిల్ల అని నన్ను అనని ఊరు లేదు, రాంచీలో అయితే పేరే అది. కానీ ఈ కూతలు ఎప్పుడూ వినలేదు. ఇవి నన్ను కాదులే, పెట్రీషియాని అనుకున్నాను. అలా అనుకుంటే కాళ్ళు ఆడాయి. బాగా ఆడాను. కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో లోపలికి కొట్టాను. ఒక గోల్ తేడాతో ఫైనల్‌కి చేరాం.

మా తర్వాత మగవాళ్ళ మ్యాచ్. దానికి ఇకెన్నా అని నిజంగానే నైజీరియా నుంచి వచ్చినవాడు ఉన్నాడు. ఫోటో కోసం మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి, మీ భాషలో మాట్లాడుకోండి అని కమిటీ వాళ్ళు పట్టుబట్టారు.  "అన్నా, నన్ను సమించు, నా కర్మ కాలిపోనాది" అన్నాను తెలుగులో. అతను తల వంచి శ్రద్ధగా విన్నాడు. నా చెయ్యి పట్టుకుని తన భాషలో చాలాసేపు బదులు చెప్పాడు. అందరూ ఈలలు వేశారు.

టీ కొట్టు వెనక్కి వెళ్ళాక మెల్లగా బెంగాలీలో, "దీదీ, ఖరగ్‌పూర్ తెలుగా?" అన్నాడు. తలూపాను. ఇందాక ఏం చెప్పావని గుసగుసగా అడిగాను.

"నీకు సిగ్గు లేదా అని అడిగాను" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు ఇంటికెళ్ళి జడలు విప్పేసుకుంటావు. నేనేం విప్పుకోను?"

నాకు టీ కూడా కొనిచ్చాడు. తర్వాత షూ లేసు బిగించుకుని గ్రౌండ్‌లోకి వెళ్ళాడు. అతను బంతిని ముట్టుకోకముందే కూతలు మొదలయ్యాయి. నేను కారులో కూర్చుని అద్దం ఎక్కించుకున్నాను.

నవంబర్ 4

జడలు విప్పేశాను. అమ్మ ఊలుని ఉండ చుట్టి దాచింది, దేనికైనా పనికొస్తుందని.

నవంబర్ 8, శుక్రవారం

తపన్ దా నన్ను పది నిమిషాలు కూడా చూడలేదు. ఫోన్లో మాట్లాడుతూనే చేత్తో పక్కకి రమ్మని సైగ చేశాడు. వయసు ముప్పై ఒకటి, ఒళ్ళు బరువు, తిరగడం ఆలస్యం అన్నాడు. "మీ మదరాసీ పిల్లలు మొండిగా ఆడతారు గానీ బుర్ర పెట్టరు" అని కూడా అన్నాడు. నా తాత కాలం నుంచి ఖరగ్‌పూర్లోనే ఉన్నాం దాదా అందామనుకున్నాను. 

గేటు దగ్గర కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే వాచ్‌మన్ అక్కడ కూర్చోవద్దన్నాడు.

నవంబర్ 9

అమ్మ హిజ్లీ వాళ్ళకి ఫోన్ చేయించింది. నేను వద్దనలేదు.

నవంబర్ 11, సోమవారం

మా పేట మలంచాకి వచ్చే ఆటోలో నా పక్కన కూర్చున్న కుర్రాడు ఫోన్లో వీడియో చూస్తున్నాడు. నేనే. జడలు, హెడరు, గోలు. వెనక కోతి కూతలకి ఎవరో పాట కలిపారు. వాడు నవ్వి, చూడమని ఫోన్ నా వైపు తిప్పాడు. నా మొహం వాడి మొహానికి జానెడు దూరంలో ఉంది. పోల్చుకోలేదు.

ఇంటికొస్తే మావ కూర్చుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"నీ పంట పండిపోనాదే! ఆ ఈడియో సూసి కలకత్తా నుంచి ఫోనొచ్చినాది. పెట్రీషియా గావాలంట. సీజనంతా!"

ఏ క్లబ్ అంటే తపన్ దా క్లబ్ పేరు చెప్పాడు. నేను కడుపుబ్బ నవ్వాను. నవ్వి నవ్వి వాంతి వచ్చినంత పనైంది. అమ్మ పరుగెత్తుకొచ్చి వీపు రాసింది.

నవంబర్ 13, బుధవారం

అదే గ్రౌండ్. అదే తపన్ దా, అదే కిళ్ళీ. మళ్ళీ జడలు వేయించుకుని వెళ్ళాను. మావ పక్కన నిలబడి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

మ్యాచ్ ఆడించి చూశాడు. పోయిన శుక్రవారం ఎలా ఆడానో అలాగే ఆడాను. కావాలనే అలా ఆడాను. అదే ఒళ్ళు, అదే మోకాలు. తపన్ దా లైను పక్కన నిలబడి పిల్లలతో అంటున్నాడు: "చూడండి, విదేశీ శరీరం అంటే అదీ! తొందరపడదు. నిలబడి ఆలోచిస్తుంది." పిల్లలు తలలూపుతున్నారు. వాళ్ళలో నాతో కలిసి గ్రౌండ్ చుట్టూ తిరిగినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆట అయ్యాక దగ్గరికెళ్ళి బెంగాలీలో, "దాదా, నేను దోర్కాని. గూడ్స్ బండిని" అన్నాను.

సిగ్గుపడతాడనుకున్నాను. పిచ్చిదాన్ని. ఒక్క క్షణం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆఫీసులోంచి సెక్రటరీని పిలిచి చెప్పాడు. ఆయనా నవ్వాడు. తర్వాత ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకుని నాకు చెప్పారు. లీగ్ కాగితాల మీద దోర్కా, ఆధార్ కార్డు అడుగుతారు కాబట్టి. పోస్టర్ మీదా మైకులోనూ పెట్రీషియా. బయట ఎక్కడా నోరు విప్పకూడదు. సెక్రటరీ ఆదివారం ఆ ఊళ్ళో జరిగే కాళీపూజ ఫైనల్‌కి వచ్చి, నన్ను చూడ్డానికి జనం ఎంత వస్తారో చూస్తాడు. అంతా బాగుంటే డిసెంబర్ రెండున సంతకం.

"ఈ మాట ఖరగ్‌పూర్లో పొక్కిందో, సంతకం లేదు ఏమీ లేదు" అన్నాడు సెక్రటరీ.

ఠీక్ హై అన్నాను.

నవంబర్ 14

కాగితం మీద దోర్కా అనే కదా ఉంటుంది. కాగితమే కదా ముఖ్యం.

నవంబర్ 16, శనివారం

ఫైనల్లో అవతలి టీమ్‌కి మా షైని ఆడుతోందట. డయానా పిన్ని కూతురు. పంతొమ్మిదేళ్ళు. సండే స్కూల్ వెనక గోడ మీద బంతి కొట్టడం నేనే నేర్పాను. దానికి ఇదే మొదటి ఖేప్, వేరే బ్రోకరు తీసుకెళ్తున్నాడు. మావ వాళ్ళింటికి వెళ్ళి దాన్ని బయటకి పిలిచి, అక్కడ నేను కనబడితే తెలియనట్టు ఉండమని చెప్పి వచ్చాడు. దాని తల్లికి ఏమీ చెప్పలేదట.

"ఆ గుంట నవ్వినాది. అక్క ఆఫ్రికా ఎల్లిపోనాదేటి అనీసి" అన్నాడు.

నవంబర్ 17, ఆదివారం

గెలిచాం.

నవంబర్ 18

బట్టలు ఉతికాను. దుప్పట్లు కూడా ఉతికాను. మేడ మీద ఆరేయడానికి చోటు చాలలేదు.

నవంబర్ 20, బుధవారం

రాస్తాను.

రెండో సగం. సెక్రటరీ షామియానా కింద కుర్చీలో ఉన్నాడు, చల్లటి సీసా పట్టుకుని. కూతలు హోరెత్తుతున్నాయి. అంత జనం వచ్చినందుకు ఆయన మొహం చాటంత అయింది. షైని బంతితో నా మీదికి వచ్చింది. ఎడమకి వెళ్తున్నట్టు ఊగి కుడికి తిరిగింది, నేను నేర్పిన ఊపే. నేను వెళ్ళాను. ఆలస్యంగా వెళ్ళాను. నా కాలు బంతికి తగల్లేదు. చప్పుడు నాకు బాగా వినబడింది.

అది తప్పే. కానీ ఆటలో తప్పు. అలాంటివి నేనూ తిన్నాను, పెట్టాను. అక్కడితో అయిపోతే ఇలా రాయాల్సిన పని లేదు.

అది నేల మీద పడి మోకాలి కింద పట్టుకుంది. అరవలేదు. నా మొహంలోకి చూసి మెల్లగా, "అక్కా, పట్టుకోవా" అంది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని అవతలికి చూశాను. పెట్రీషియాకి ఈ పిల్ల ఎవరో తెలియదు కదా.

కమిటీ వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. డాక్టర్ లేడు, స్ట్రెచర్ లేదు, ఒక ఐసు డబ్బా ఉంది. ఆ ప్రెసిడెంటే, నా చెయ్యి రుద్దినవాడే, మోకాలి కీలు తప్పిందని ప్రకటించాడు. లాగితే కూర్చుంటుందట. ఒకడు చంకల కింద పట్టుకున్నాడు, ప్రెసిడెంటు మడమ పట్టుకున్నాడు.

విరిగిన కాలు లాగకూడదని నాకు తెలుసు. కటక్‌లో మా గోల్‌కీపర్‌కి అలాగే లాగి పాడుచేస్తే నా కళ్ళతో చూశాను. "టేనో నా." లాగొద్దు. రెండు మాటలు. నాలుక మీదే ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న బెంగాలీ. సెక్రటరీ కుర్చీలోంచి లేచి ఇటే చూస్తున్నాడు. మావ లైను దగ్గర నిలబడి నాకు వేలు చూపించి పెదాల మీద పెట్టుకున్నాడు.

లాగారు. అప్పుడు అరిచింది షైని. ఒకసారి కాదు, కూర్చోలేదని ఇంకోసారి లాగారు.

నేను నిలబడి ఉన్నాను.

ట్రాలీ రిక్షా మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. ఆట మళ్ళీ మొదలైంది. జనం నా మీద మట్టి గడ్డలు విసిరారు. ఆఫ్రికా రాక్షసి అన్నారు. చివరికి కప్పు నా చేతికే ఇచ్చారు. సెక్రటరీ భుజం తట్టి, "ఏం గుండె నీది! అస్సలు చలించలేదు" అన్నాడు.

నవంబర్ 21

నేను చెప్పినా వాళ్ళు లాగే ఉండేవారేమో. ఆడదాని మాట ఎవడు వింటాడు అక్కడ.

నవంబర్ 22

వినేవారు.

నవంబర్ 25, సోమవారం

షైనిని చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానం వస్తుందన్నాడు మావ. అందుకు వెళ్ళలేదు. అందుకు కూడా వెళ్ళాను.

కాల్లో రాడ్ వేశారు. లాగడం వల్ల ముక్క పక్కకి జరిగి నరం నలిగిందట. పాదం పైకి లేవడం లేదు. మళ్ళీ లేస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట. డయానా పిన్ని చెప్తూ చెప్తూ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవుత్తోనమ్మా, ఆఫ్రికా నుంచి వొచ్చినాదంట. పసిపిల్లని అలగ తన్నీడానికి దానికి సేతులెలగ వొచ్చినాయో" అంది. కాళ్ళెలా వచ్చాయో అనబోయి చేతులంది. నేను నేల చూస్తున్నాను.

పిన్ని టీ పెట్టడానికి వెళ్ళగానే షైని నా చెయ్యి పట్టుకుంది. "నేను ఎవ్వరికీ సెప్పనేదక్కా. అమ్మకి కూడా. సెప్తే నీ సీజను పోద్ది కదా."

నేనేమన్నాను? "మంచిపిల్లవి" అన్నాను. తల నిమిరి, ఆ టీ తాగి, బిస్కెట్టు కూడా తిని వచ్చాను. ఆ బిస్కెట్టు నాకెలా దిగింది?

నవంబర్ 28

అమ్మకి తెలుసేమో. అడగడం లేదు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటోంది.

నవంబర్ 30, శనివారం

సోమవారం సంతకం. ఈ సీజన్ అయ్యాక షైనికి ఏదో ఒకటి చేస్తాను. కోచ్‌కి చెప్తాను. ముందు నేను నిలబడితే కదా దాన్ని నిలబెట్టేది. ఇది స్వార్థం కాదు.

పైన రాసింది చదువుకున్నాను. ఇకెన్నాకి ఈ పేజీ చూపిస్తే మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాడు.

డిసెంబర్ 1, ఆదివారం

షైనిని చక్రాల కుర్చీలో చర్చికి తీసుకొచ్చారు. కాలు చాపి పలక మీద పెట్టారు. నేను అమ్మ పక్కన మూడో వరసలో కూర్చున్నాను. మావ కానుకల సంచి తిప్పాడు. నా దగ్గరికొచ్చి కన్ను గీటాడు.

తర్వాత సాక్ష్యాల వేళ. ఒకరికి జ్వరం తగ్గింది, ఒకరికి ట్రాన్స్‌ఫర్ ఆగింది. షైని చెయ్యెత్తింది. మైకు తెచ్చిచ్చారు.

"దేవుడు నా ప్రాణం కాపాడినాడు. నన్ను తగిలిన అక్క మీద నాకు కోపం నేదు. నేను సమించినాను. మీరందరూ కూడా ఆమె కోసం ప్రార్దన సెయ్యండి" అంది. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో నాకు తెలుస్తోంది.

ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మా పాస్టరు సత్యవేదం అయ్యగారు లేచి, ఆ విదేశీ అమ్మాయి పేరేమిటని అడిగారు. డయానా పిన్ని చెప్పింది, పెట్రీషియా అని.

"సంఘమంతా ఇప్పుడే పెట్రీషియా కోసం ప్రార్థిద్దాం" అన్నారు అయ్యగారు. తర్వాత చుట్టూ చూశారు. "మన దోర్కా ఆటగత్తె కదా. ఆటలో ఉండే కష్టం తనకే తెలుసు. అమ్మా దోర్కా, లేచి నువ్వు ప్రార్థన నడిపించు."

మైకు నా చేతికొచ్చింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. మావ ఒక్కడే కళ్ళు తెరిచి ఉన్నాడు. మళ్ళీ వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఆ వేలు చూస్తూనే మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. 

"ప్రేమగల తండ్రీ, స్తోత్రం" అన్నాను.

"స్తోత్రం" అన్నారందరూ.

"ఈ ఉదయం నీ సన్నిధిలో మమ్మల్ని నిలబెట్టినందుకు స్తోత్రం."

"స్తోత్రం."

"పెట్రీషియా అని ఎవరూ లేరు తండ్రీ. షైని కాలు విరగ్గొట్టింది నేను."

"ఆమెన్" అన్నారు, అలవాటు కొద్దీ. అమ్మ గొంతు అందరికన్నా గట్టిగా వినబడింది.

"వాళ్ళు కాలు లాగుతుంటే వద్దని చెప్పకుండా నిలబడ్డాను. నాకు సీజన్ కావాలి, అందుకని."

ఈసారి ఆమెన్ రాలేదు. ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు.  ప్రార్థన ఎలా ముగించాలో నాకు తెలియలేదు, మైకు బెంచీ మీద పెట్టేశాను.

మావ కానుకల సంచి చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. గుర్తొచ్చి వెనక్కి వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టాడు. నా పక్క నుంచి పోతూ, "ఒక్క రోజు ఆగనేకపోనావా? రేపు సంతకం. అయిపోనాది నీ సీజను" అన్నాడు. అయిపోయిందని నాకూ తెలుసు. సాయంత్రానికి ఈ మాట మలంచా అంతా తిరుగుతుంది, రేపటికి కలకత్తాలో ఉంటుంది.

షైని ఏడుస్తోంది. "ఎందుకు సెప్పినావక్కా? నేను దేవుడి ముందర దాసినాను నీ కోసం" అంది. దానికి నా మీద కోపం వచ్చింది, మొదటిసారి. రావాల్సిందే.

డయానా పిన్ని లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా. కొట్టలేదు, తిట్టలేదు. అర్థం కాని లెక్క అడుగుతున్నట్టు నా మొహంలోకి చూసింది.

"కాలు లాగినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావేటి?"

"ఉన్నాను పిన్నీ."

"దగ్గిరగానా?"

"దగ్గిరగానే."

"మరి వొద్దని ఆళ్ళకి ఎందుకు సెప్పనేదే? బెంగాలీ రాదేటి నీకు?"

"వచ్చు పిన్నీ" అన్నాను.